క్లచ్ మీద కాలు

అన్యాయం జరిగింది నా చెల్లెలికి. 2018 మార్చి పద్నాలుగు, బుధవారం, మధ్యాహ్నం మూడున్నరకి. చేసిందెవరో కూడా చెబుతాను. కాకపోతే నా వరసలో చెబుతాను, నన్ను తొందరపెట్టొద్దు.

దెయ్యం కథ అనగానే అర్ధరాత్రి, కుక్కల ఏడుపు, ఊగే కిటికీ తలుపు ఉంటాయనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇది పట్టపగలు జరిగింది. అన్నం తిని, గిన్నెలు కడిగి బోర్లించాక జరిగింది. మా షెడ్డులో, పందొమ్మిదేళ్ళ ముసలి కారు ముందు, నేను నిలబడి ఉండగా.

నాకు చదువు లేదు. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. బైండింగ్ పనిలో పడ్డాను. కుట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ కుట్టే ముందు చదివేదాన్ని. అలా న్యాయశాస్త్రం సగం, వైద్యం పావు, కవిత్వం చాలినంత నా తలకెక్కాయి. కారు కొన్నప్పుడు దానితో వచ్చిన మాన్యువల్ అట్టలు ఊడిపోతే నేనే బైండు చేశాను, చేస్తూ మొత్తం చదివాను. అందుకే మెకానిక్కులకు నేనంటే పడదు.

మా నాన్న మిల్లులో టైమ్ కీపరు. గంటల్నీ నిమిషాల్నీ రాసీ రాసీ ఆయన వేళ్ళు వంకరపోయాయి. కారుకి కూడా ఒక పుస్తకం పెట్టాడు. షెడ్డులో, కారు మూతి ఆనేచోట, గోడకి ఒక చెక్క అర. ఆ అర మీద బండి పుస్తకం. అందులో నాలుగు గళ్ళు: తేదీ, మీటరు, జబ్బు, కారణం. బండి బయటికి తీసే ముందు మీటరు చూసి రాయాల్సిందే, పెళ్ళికెళ్తున్నా సరే, ఆసుపత్రికెళ్తున్నా సరే. ఇక నాలుగో గడి ఆయన ప్రాణం. ‘జబ్బుంటే కారణం ఉంటుంది. కారణం అంటే మనిషి’ అనేవాడు. నేను నడిపినప్పుడు టైరు పగిలితే ‘పెద్దది, మేకు చూడలేదు’. బ్యాటరీ దిగిపోతే ‘నేను, లైటు ఆర్పలేదు’. తనని తాను కూడా వదిలేవాడు కాదు.

ఇంకో నియమం ఉండేది. తప్పు రాస్తే చెరపకూడదు. స్కేలు పెట్టి ఒక్కటే గీత కొట్టాలి, కింద ఏం రాసిందీ కనపడాలి. పక్కన సరైన మాట, సంతకం, కొట్టేసిన నాటి తేదీ, మీటరు.

ఆ బుధవారం సంగతి ఆ పుస్తకంలో నా చేత్తో రాసి ఉంది. చెల్లెలు అప్పుడప్పుడే బండి నేర్చుకుంటోంది. షెడ్డులోంచి వెనక్కి తీయాలి. నాన్న మీటరు రాసి, పుస్తకం అర మీద పెట్టడానికి కారుకీ గోడకీ మధ్య సందులోకి వెళ్ళాడు. నేను చెల్లెలి పక్క సీటులో ఉన్నాను. మా కారుకి ఒకటో గేరు, రివర్సు పక్కపక్కనే, రెండూ పైకే. కర్రను కిందికి నొక్కి తోస్తే రివర్సు, నొక్కకుండా తోస్తే ఒకటి. చెల్లెలు క్లచ్ మీద నుంచి కాలు తీసింది. బండి ముందుకి దూకింది.

గోడకి, బంపరుకి మధ్య నాన్న... పోవడానికి పది నిమిషాలు పట్టింది. పోలీసులు అడిగారు, బంధువులు అడిగారు, నేను అందరికీ ఒకటే చెప్పాను. రాత్రికి అదే పుస్తకంలో కారణం గడిలో రాశాను: ‘చిన్నది. అడక్కుండా కాలు తీసింది.’

చెల్లెలు కాదనలేదు. రెండేళ్ళు ఎవరినీ ఏమీ అనలేదు. మా మరిది ఆమె చేతి మంచినీళ్ళు తాగడం మానేశాడు, కోపంతో కాదు, భయంతో. తండ్రిని చంపుకున్న చెయ్యి అని మా మేనత్త నలుగురిలో అంది. చుట్టాలిళ్ళలో పుట్టిన పిల్లల్ని ఎత్తుకోనివ్వలేదు ఎవరూ. తర్వాత ఒక జ్వరం వచ్చింది. చిన్న జ్వరమే. దానికే పోయింది. మరిది ఉద్యోగం వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళాడు. కూతుర్ని నా దగ్గర వదిలాడు.

ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటాం. ఇప్పుడు ఇరవై ఏళ్ళు. ఇళ్ళకెళ్ళి రక్తం నమూనాలు తెచ్చే ల్యాబులో ఉద్యోగం ఖాయమైంది, లైసెన్సు ఉంటే. మూడు నెలలుగా మా బండి మీదే నేర్చుకుంటోంది. పరీక్ష ఈ నెల పద్దెనిమిదిన.

ఇది మొన్న గురువారం జరిగింది, మార్చి ఏడున.

కొన్నాళ్ళుగా బండి ఎత్తు ఎక్కనంటోంది. పొద్దున్నే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతన్ని చెవి మేస్త్రి అంటారు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి వింటాడు. డాక్టర్లు కూడా అంత శ్రద్ధగా వినరు.

పిచ్చుక వెనక కూర్చుంది. నేను స్టీరింగు దగ్గర, అతను పక్కన. వంతెన ఎత్తు మీదికి పోనివ్వమన్నాడు.

‘నాలుగో గేరు వెయ్యండమ్మా. ఇప్పుడు గట్టిగా తొక్కండి.’

తొక్కాను. ఇంజను గొంతు చించుకుంది. బండి మాత్రం అదే నడక.

‘చూశారా. అరుపు పెళ్ళికొడుకుది, నడక తాతది,’ అన్నాడు. ‘ఇంజను తిరుగుతోంది, చక్రానికి అందట్లేదు. మధ్యలో ప్లేటు జారిపోతోంది. క్లచ్ అయిపోయిందమ్మా.’

‘నాలుగు వేల కిలోమీటర్లే అయింది వేసి.’

‘తెలుసు. వేసింది నేనే.’

‘అయితే నువ్వు నకిలీ ప్లేటు వేశావు.’

‘పోయినసారి కూడా అదే అన్నారు. అంతకు ముందు కూడా. మీ పుస్తకంలో ఆ ముక్క రాసుకున్నారు కూడాను.’ బానెట్ ఎత్తి స్క్రూడ్రైవర్ ఆనించాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత మామూలుగా ఎప్పుడూ చేయని పని చేశాడు. స్క్రూడ్రైవర్ మొన తుడిచి, మళ్ళీ ఆనించి, మళ్ళీ విన్నాడు.

‘ఏమిటి?’

‘ఏం లేదు.’ ముక్కు ఎగబీల్చాడు. ‘కాలిన వాసన సరే, అది ప్లేటుది. ఇంకో వాసన కూడా ఉంది. మీ ఇంట్లో ఎవరన్నా మోకాళ్ళకి నొప్పుల మందు రాసుకుంటారా?’

‘నీ చెవి చాలక ముక్కు కూడా పనిలో పెట్టావా.’

‘ఊరికే అడిగాను,’ అన్నాడు. తర్వాత చేతులు గుడ్డకి తుడుచుకుంటూ తేల్చేశాడు. ‘ప్లేటు తప్పు లేదు. ఎవరో క్లచ్ మీద కాలు తీయకుండా నడుపుతున్నారు. బండి కదిలాక కూడా కాలు అక్కడే ఆనించి ఉంచితే ప్లేటు సగం పట్టి సగం వదిలి అరిగిపోతుంది. బండి నేర్చుకునేవాళ్ళు భయంతో చేస్తారు. తీస్తే ఏమవుతుందోనని.’

నా కాలు సంగతి చెప్పనా. గేరు మారగానే ఎడమకాలు నేల మీద చాపుకుని కూర్చుంటాను. క్లచ్ మీద కాలు పెట్టి నడపడం నా ఒంట్లో లేదు. ఇక మిగిలిందెవరు? వెనక్కి తిరిగాను.

‘నేను పెట్టను పెద్దమ్మా,’ అంది పిచ్చుక, నేనింకా ఏమీ అనకుండానే.

‘మీ అమ్మ కూడా ఇలాగే అనేది.’

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్ల మొహం మూసుకుపోయింది. మేస్త్రి గుడ్డ మడతపెడుతూ వేరే వైపు చూశాడు.

‘ఒకసారి ఇంటికెళ్ళి కేబుల్ చూసుకోండమ్మా,’ అన్నాడు చివరికి, మధ్యస్థం చేసేవాడిలాగా. ‘ఒకళ్ళు పెడల్ నొక్కి వదలండి, ఒకళ్ళు ముందు నిలబడి గేరుబాక్సు మీద చిన్న లివరు ఉంటుంది, అది చూడండి. నొక్కితే రావాలి, వదిలితే వెనక్కి పోవాలి. పోయాక వేలితో కదిపితే కాస్త లూజు ఉండాలి. లేకపోతే కేబుల్ బిగుసుకున్నట్టు, పాప తప్పు లేనట్టు. ఏదైనా ఈ ప్లేటు వారం లాగితే గొప్ప.’

ఇంటికొచ్చేసరికి మబ్బు కమ్మింది. బండిని షెడ్డులో మూతి గోడకి పెట్టి ఆపాను. భోజనాలయ్యాయి. గిన్నెల చప్పుడే మాట్లాడింది. వాన మొదలైంది, కరెంటు పోయింది.

నాకు ఒకచోట కుదురుండదు. ఏదైనా తేలకపోతే అసలే ఉండదు. బండి పుస్తకం రాయాలని షెడ్డులోకి వెళ్ళాను. పిచ్చుక నా వెనకే వచ్చింది. షట్టరు నడుము ఎత్తుకి లేపి ఉంచాను, వాన జల్లు లోపలికి తగలకుండా. పొగ కమ్మి నాకు మతి తప్పిందని ఎవరైనా అంటారని ముందే చెబుతున్నాను, గాలి బాగానే ఆడుతోంది.

అర మీంచి పుస్తకం తీశాను. తేదీ రాశాను. మీటరు 1,38,412. జబ్బు, క్లచ్. పాత గళ్ళు ఒకసారి వెనక్కి తిప్పాను. మొదటి ప్లేటు లక్షా ఏడు వేలు వచ్చింది. చెల్లెలు పోయాక వేసినది పద్దెనిమిది వేలు. దాని తర్వాతది తొమ్మిది. ఇది నాలుగు. ఆ రెండుసార్లూ కారణం గడిలో నేను రాసింది ‘మేస్త్రి, నకిలీ ప్లేటు’.

కలం నాలుగో గడి మీదికి వెళ్ళింది. పిచ్చుక నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

‘నా పేరు రాయకు.’

‘మరి ఎవరి పేరు రాయను?’

‘ఆ ముందరి రెండు ప్లేట్లు ఎవరు అరగ్గొట్టారు? అప్పుడు నాకు సైకిలు కూడా రాదు.’ గొంతు తగ్గించింది. ‘పెద్దమ్మా, ఒక్కసారి అందులో నా పేరు పడితే ఇక పోదు. అమ్మ పేరు పడ్డట్టే. రేపు లైసెన్సు పరీక్షలో కూర్చుంటే నాకు అదే గుర్తొస్తుంది. ముందు చూడు. చూసి రాయి.’

ముందు చూడు. ఆ మాట నా వీపులో ఎక్కడో గుచ్చుకుంది. కలం మూత పెట్టి, పుస్తకం కారు సీటు మీద పడేశాను.

బానెట్ ఎత్తి కర్ర ఆనించాను. కారుకీ గోడకీ మధ్య సందు రెండు జానలు. అందులో పక్కగా దూరి నిలబడితే వీపుకి నాన్న అర తగులుతుంది. ఇటు పక్కన నా అట్టల కట్టలు పేర్చి ఉన్నాయి, అటు గోడ. ఎక్కడ నిలబడ్డానో అప్పుడు ఆలోచించలేదు. లివరు కనపడేది అక్కడి నుంచే.

ఎత్తిన బానెట్ వల్ల పిచ్చుక మొహం నాకు కనపడదు. బానెట్ అడుగున నాలుగు వేళ్ళ సందు ఉంది. అందులోంచి సీటు, ఆమె ఒడి, గేరు కర్ర కొస కనపడుతున్నాయి.

‘న్యూట్రల్‌లో ఉందా?’

‘ఉంది. హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది.’

‘నొక్కు.’

లివరు నా వైపు వచ్చింది.

‘వదులు.’

వెనక్కి పోయింది. వేలితో కదిపాను. కావలసినంత లూజు ఉంది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ సరిగ్గానే. కేబుల్ తప్పు లేదు.

‘చూశావా,’ అన్నాను. ఎంత తృప్తి నా గొంతులో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

‘ఇంజను వేసి చూద్దాం. మనుషులు నడిపేది ఇంజను ఆపుకుని కాదు కదా,’ అంది పిచ్చుక.

తాళం తిప్పింది. ముసలి ఇంజను దగ్గి, సర్దుకుని, తిరగసాగింది. షెడ్డు రేకు మీద వాన. కింద ఇంజను. రెండూ కలిసి ఒకటే హోరు.

‘నొక్కు.’

లివరు వచ్చింది.

‘వదులు.’

లివరు అక్కడే ఉంది.

‘వదలమన్నాను.’

‘వదిలాను పెద్దమ్మా.’

‘లివరు నా కళ్ళ ముందుంది. నాతో ఆడకు.’

‘నిజంగా వదిలాను. చూడు.’

వంగి సందులోంచి చూశాను. పిచ్చుక రెండు కాళ్ళూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది. మోకాళ్ళ చుట్టూ చేతులు. కింద చీకట్లో పెడల్... నేలకి అంటుకుని ఉంది.

బిగుసుకుందనుకున్నాను. కేబుల్ లోపల తెగి చిక్కుకుందనుకున్నాను. మనిషికి చదువు ఎక్కువైతే ప్రతిదానికీ ఒక పేజీ గుర్తొస్తుంది. చెయ్యి చాపి లివరుని వెనక్కి తోశాను. ఉక్కు బిగువు కాదది. బిగుసుకున్న ఇనుము కదలదు, అంతే. ఇది నేను తోసినప్పుడు కొంచెం లొంగి, మళ్ళీ గట్టిగా ఒత్తింది. అవతల ఒక కాలు ఉన్నట్టు. అలిసిపోయి వణుకుతున్న కాలు ఉన్నట్టు.

అప్పుడు వాసన వచ్చింది. కాలిన ప్లేటు వాసన కాదు. నొప్పుల మందు. ఘాటుగా, కళ్ళు మండేలాగా. చెల్లెలికి క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు నొప్పి. బండి ఎక్కే ముందు రోజూ రాసుకునేది. మేం వెక్కిరించేవాళ్ళం.

టక్.

గేరు కర్ర పైకి పోయింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. కిందికి దిగలేదు. నేరుగా పైకి పోయింది.

‘పెద్దమ్మా...’

‘కదలకు.’

‘నేను కాదు... నేను ముట్టుకోలేదు...’

‘నువ్వు కాదని తెలుసు. తాళం తీసెయ్.’

తాళం తిప్పిన చప్పుడు వినిపించింది. మళ్ళీ తిప్పిన చప్పుడు. తర్వాత సందులోంచి ఆమె చెయ్యి పైకి లేచింది. అందులో తాళంచెవి ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది.

కిర్... కిర్... హ్యాండ్‌బ్రేకు నెమ్మదిగా కిందికి దిగింది. దింపుతున్నదెవరో కానీ జాగ్రత్తగా దింపుతున్నారు. మొదటిసారి బండి తీసేవాళ్ళలాగా.

బంపరు నా మోకాళ్ళకి తగిలింది. గట్టిగా కాదు. అక్కడ ఆగింది. వీపుకి అర. అప్పుడు తెలిసింది నేనెక్కడ నిలబడ్డానో. ఆరేళ్ళుగా ఆ చోట కాలు పెట్టకుండా చెయ్యి చాపి పుస్తకం తీస్తున్నదాన్ని.

బండి వెనక షట్టరు వైపు చూశాను. రివర్సు పడితే వెనక దీపం వెలిగి షట్టరు రేకు మీద తెల్లటి వెలుగు పడుతుంది. మెడ తిప్పి చూస్తే చాలు, ఏ గేరో తెలిసిపోతుంది. అంత సులువు.

షట్టరు మీద వెలుగు లేదు.

ఒక్కటే అడ్డం ఉంది నాకూ గోడకీ మధ్య. ఆ కాలు. అది క్లచ్ మీద ఉన్నంతసేపే నేనుంటాను.

‘పెద్దమ్మా,’ అంది పిచ్చుక. ఊపిరి బిగబట్టి. ‘నువ్వేమన్నా అన్నావా?’

‘లేదు.’

‘ఎవరో అడుగుతున్నారు... నా పక్క నుంచి.’

‘ఏమని?’

పిల్ల చెవి ఒగ్గింది. విని, విని, అప్పుడు చెప్పింది.

‘అక్కా, గేరు సరిగ్గా పడిందా, అని.’

వాన ఆగలేదు. ఇంజను ఆగలేదు. నాకు మాత్రం అన్నీ ఆగిపోయినట్టయింది. ఆ మాట పిచ్చుకకి తెలిసే దారి లేదు. ఆ మాట పోలీసు కాగితంలో లేదు, బండి పుస్తకంలో లేదు, మా మేనత్త నోట్లో లేదు. ఆ మాట లేకుండా చేసింది నేనే.

చెల్లెలు అడిగింది. అడక్కుండా కాలు తీయలేదు. మూడుసార్లు అడిగింది. గేరు కర్ర తల మీద అంకెలు అరిగిపోయాయి, నాకు తెలియట్లేదక్కా, కాస్త చూడు, అంది. నా ఒళ్ళో పుస్తకం ఉంది. కుట్టడానికి వచ్చిన పుస్తకం, ఆఖరి నలభై పేజీలు. తల ఎత్తలేదు. వెనక్కి తిరిగి వెలుగు చూడలేదు. ‘సరిగ్గానే ఉంది, కాలు తియ్యి’ అన్నాను. ఇంకా ఏమన్నానో కూడా చెబుతాను, ఎలాగూ చెబుతున్నాను కాబట్టి. ‘నీ మొద్దుబుర్రకి బండెందుకే’ అన్నాను. అక్క మాట నమ్మి తీసింది.

లివరు వణికింది. ఒక వెంట్రుకవాసి వెనక్కి పోయింది. బండి నా మోకాళ్ళని ఒత్తింది. మళ్ళీ లివరు ముందుకొచ్చింది. ఆపుకుంటోంది పాపం. నొప్పి కాలుతో ఆపుకుంటోంది.

‘మళ్ళీ అడుగుతోంది,’ అంది పిచ్చుక. ఏడుస్తోంది. ‘పెద్దమ్మా, ఏదో ఒకటి చెప్పు...’

‘లేదు,’ అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

‘గేరు తప్పు పడింది. నేను చూడలేదు. ఆ రోజు కూడా చూడలేదు. నువ్వు అడిగావు. మూడుసార్లు అడిగావు. నేను చూడకుండా చెప్పాను. నాన్న నీవల్ల పోలేదు. నావల్ల పోయాడు. కాలు... కాలు తీయకు తల్లీ. తీయకు.’

ఎంతసేపు గడిచిందో తెలియదు. ఇంజను రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. వాన ఒక్కటే మిగిలింది.

అట్టల కట్టల మీదుగా పాక్కుంటూ బయటపడ్డాను. మోకాళ్ళ చర్మం లేచిపోయింది. పిచ్చుక కారు దిగి, షట్టరు కింద నుంచి దూరి వానలోకి వెళ్ళి నిలబడింది. నేనూ వెళ్ళి నిలబడ్డాను. నా వంక చూడకుండానే అడిగింది.

‘అమ్మకి తెలుసా, నువ్వు అబద్ధం చెప్పావని?’

‘తెలియకేం. పక్కనే ఉంది.’

‘మరి ఎందుకు చెప్పలేదు?’

‘తెలియదు. నేనడగలేదు.’

‘నేను అమ్మ చేత్తో అన్నం తినలేదు పెద్దమ్మా. నాన్నమ్మ తినొద్దంది. పద్నాలుగేళ్ళ పిల్లని.’ అంతే అంది. అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది, నాకు తిట్లు తెలుసు, జవాబులు తెలుసు. ‘పుస్తకంలో మార్చు.’

‘మారుస్తాను. మీ నాన్న ఇరవయ్యో తారీఖున వస్తున్నాడు కదా. మేనత్తని కూడా పిలుద్దాం. అందరి ముందూ చెప్పి, అందరి ముందూ గీత కొడతాను.’

ఇరవై. పదమూడు రోజులు గడువు అడిగాను. ఆరేళ్ళు తీసుకున్నదాన్ని.

పిచ్చుక ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు చెవి మేస్త్రి ఇంటికొచ్చాడు. బండి గేరు పడి ఆగిపోయిందని మాత్రమే చెప్పాను. పెడల్ నేలకి అంటుకునే ఉంది. రెండు చేతులతో లాగాడు. రాలేదు. కేబుల్ బిగుసుకుందన్నాడు, నేను అనుకున్నట్టే. బానెట్ కింద దూరి కేబుల్ కొస ఊడదీశాడు. కేబుల్ ఊడాక పెడల్‌కి పట్టు ఏముంటుంది? అయినా లేవలేదు. లివరు కూడా వెనక్కి పోలేదు.

స్క్రూడ్రైవర్ గేరుబాక్సుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు.

‘ఆగిన బండిలో ఏం వింటావు?’ అన్నాను.

కళ్ళు మూసుకున్నాడు. వింటూ వింటూ తన ఎడమ మోకాలు పట్టుకుని నొక్కుకున్నాడు, అక్కడ నొప్పి ఉన్నట్టు. తర్వాత లేచాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకోలేదు. అక్కడే నేల మీద వదిలేశాడు. ఆ స్క్రూడ్రైవర్ లేకుండా నేనతన్ని ఇరవై ఏళ్ళలో చూడలేదు.

‘షెడ్డు తాళం వేసుకోండమ్మా. బండి ముందుకి ఎవరూ వెళ్ళకండి,’ అన్నాడు. ‘ఎంతసేపని పట్టుకుంటారు ఎవరైనా.’

తాళం వేశాను. తాళంచెవి నా నడుముకే ఉంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. వంటింటికీ వాకిలికీ తిరుగుతున్నాను. షట్టరు దగ్గరికి వెళ్ళి నిలబడితే సందులోంచి కాలిన ప్లేటు వాసన వస్తోంది, వేడిగా, ఇప్పుడే ఎత్తు ఎక్కి వచ్చినట్టు.

ఇవాళ తొమ్మిది. పొద్దున పిచ్చుక వంటింట్లో బల్ల మీద బండి పుస్తకం పెట్టుకుని కూర్చుంది. గురువారం వానలోకి పరిగెత్తినప్పుడే చంకలో పెట్టుకుని వచ్చిందట, నేను మళ్ళీ ఏమీ రాయకుండా. అప్పటి నుంచీ తన తలగడ కిందే ఉంది.

‘పెద్దమ్మా, నాన్న వచ్చేదాకా ఆగుదామన్నావు కదా,’ అంది. ‘మరి ఎప్పుడు కొట్టేశావు?’

‘ఏది?’

పుస్తకం నా వైపు తిప్పింది.

2018 నాటి పేజీ. నేను రాసిన ‘చిన్నది. అడక్కుండా కాలు తీసింది’ మీద స్కేలు పెట్టి కొట్టిన ఒక్క గీత. కింద అక్షరాలు స్పష్టంగా కనపడుతున్నాయి. పక్కన సన్నగా, కుడివైపుకి వాలిన రాత. మిల్లు హాజరు పట్టీల్లో ముప్పై ఏళ్ళు రాసిన రాత. ‘పెద్దది. గేరు చూడలేదు.’ దాని కింద నాన్న సంతకం.

నియమం తప్పలేదు. సంతకం కింద మీటరు రాసి ఉంది, 1,38,412. ఇవాళ షెడ్డులో ఉన్న బండి మీటరు అదే. అంటే అది రాసే నాటికి బండి షెడ్డు దాటలేదు. తాళంచెవి చూసుకున్నాను, నా నడుముకే ఉంది.

మరిది ఇరవైన వస్తానన్నాడు. ఇందాక ఫోను చేసి రేపే బయల్దేరమన్నాను. పిలవాల్సినవాళ్ళందరినీ పిలిచాను. వాళ్ళు వేళకి అందుకుంటారో లేదోనని ఇదంతా కూర్చుని రాస్తున్నాను, నా చేత్తో, ఒక్క మాట చెరపకుండా. ఎందుకంటే మీటరు పక్కన తేదీ కూడా వేసి ఉంది. కొట్టేసిన నాటి తేదీ.

14-3-2024.